మూడు ఊళ్లు, నాలుగు ఫైల్ సిస్టంలు, ఒకే పాట

ఒక ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో కంప్యూటర్‌లోకి ఎక్కించడం మనందరికీ వచ్చిన పనే. కాపీ, పేస్ట్, అయిపోయింది. కానీ ఆ రెండు కంప్యూటర్ల ఫైల్ సిస్టంలు వేరువేరు అయితే, ఇక్కణ్నుంచి బయల్దేరిందీ అక్కడికి చేరిందీ ఒకటేనా? ఒకటే అని మనకెట్లా తెలుస్తుంది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. సీఎస్ఈ కాని వాళ్లు కూడా చదవొచ్చు. పెన్‌డ్రైవ్ వాడితే చాలు, ఇది మీ సబ్జెక్టే.

ముందు పని ఏంటో చెప్తాను. మా క్లబ్‌లో ముగ్గురం కలిసి మూడు ఊళ్ల గొంతులు రికార్డ్ చేస్తున్నాం. జగిత్యాల చుట్టుపక్కల నాట్ల పాటలు, కోరుట్లలో బీడీలు చుట్టే అమ్మల ముచ్చట్లు, సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే వాళ్ల అనుభవాలు. రికార్డింగులతో పాటు వాటిని విని టైప్ చేసిన రాతప్రతులు కూడా ఉంటాయి. జగిత్యాలలో నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. కోరుట్ల మిత్రుడి ఇంట్లో విండోస్ ఉంది. సిరిసిల్ల మిత్రురాలు వాళ్ల అన్నయ్య పాత మ్యాక్‌బుక్ వాడుతుంది. పెద్ద ఫైళ్లు నెట్‌లో పోవు కాబట్టి వేములవాడ మీదుగా ఆర్టీసీ బస్సులో ఒక పెన్‌డ్రైవ్ తిరుగుతూ ఉంటుంది. అంటే మూడు కంప్యూటర్లు, ఒక పెన్‌డ్రైవ్, నాలుగూ నాలుగు రకాల ఫైల్ సిస్టంలు.

మాకు పాడిన వాళ్లలో ఒక అవ్వ ఈ ఏడాది చనిపోయింది. ఆమె పాటను మళ్లీ రికార్డ్ చేయలేం. అందుకే "కాపీ అయింది" అన్న మాటని మేం ఊరికే నమ్మొద్దు అనుకున్నాం.

పద్దు పుస్తకం లాంటిది

హార్డ్ డిస్క్ అయినా పెన్‌డ్రైవ్ అయినా లోపల ఉండేవి నంబర్లు వేసిన గళ్లు మాత్రమే. ఏ గడిలో ఎవరి సరుకు ఉందో రాసుకునే పద్దు పుస్తకమే ఫైల్ సిస్టం. కిరాణా కొట్టు సేటు ఒక తీరుగా, వడ్ల మిల్లు యజమాని ఇంకో తీరుగా పద్దు రాసుకున్నట్టే ఒక్కో ఫైల్ సిస్టం ఒక్కో తీరుగా రాసుకుంటుంది.

మా దగ్గరున్నవి ఇవి. నా ఉబుంటులో ఈఎక్స్‌టీ4, ఇది 2008లో లినక్స్‌లోకి స్థిరమైన రూపంలో వచ్చింది. కోరుట్ల విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్, ఇది 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. సిరిసిల్ల మ్యాక్‌లో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 1998 నాటిది. 2017లో యాపిల్ దాని బదులు ఏపీఎఫ్‌ఎస్ తెచ్చింది కానీ పాత మ్యాక్‌లలో ఇంకా పాతదే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫ్యాట్32. ఇది విండోస్ 95 కాలంది. అయినా దాదాపు అన్ని మెషీన్లూ దీన్ని చదవగలవు, అందుకే ఇంకా బతికుంది.

ఏ పద్దు పుస్తకమైనా ఒక ఫైల్ గురించి ముఖ్యంగా మూడు సంగతులు ఉంచుకుంటుంది. దాని పేరు, దాన్ని చివరిసారి మార్చిన వేళ, లోపలున్న సరుకు. సింక్ చేసే ప్రోగ్రాములు చాలావరకు మొదట పేరు, వేళ, సైజు చూసి "ఇది అదే ఫైల్" లేదా "ఇది మారింది" అని తేల్చుకుంటాయి. సరుకు మొత్తం విప్పి చూడటానికి టైం పడుతుంది కదా. కానీ ఊరు దాటినప్పుడు మారిపోయేవి సరిగ్గా ఆ పేరూ, ఆ వేళే. పాఠం మొత్తం ఇదే. కిందదంతా దీని వివరణ.

పేరు: చిన్న తేడాలు

మొదట అందరికీ తెలిసినవి. విండోస్‌లో ఫైల్ పేరులో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు, డబుల్ కోట్స్, నిలువు గీత, యాంగిల్ బ్రాకెట్లు, రెండు రకాల స్లాష్‌లు కుదరవు. లినక్స్‌లో స్లాష్ తప్ప దాదాపు అన్నీ కుదురుతాయి. కాబట్టి నేను ఉబుంటులో "పాట 3: ఎవరు పాడారు?" అని పేరు పెడితే నా దగ్గర బాగానే ఉంటుంది, కోరుట్లకి పోయేసరికి ఆగిపోతుంది. పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉన్నా విండోస్‌కి నచ్చదు. తేదీని స్లాష్‌లతో రాస్తే విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనికిరాదు.

ఇంగ్లీష్ పేర్లలో ఇంకో ఇబ్బంది పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు. లినక్స్‌కి క్యాపిటల్ ఎస్‌తో రాసిన సిరిసిల్ల, చిన్న ఎస్‌తో రాసిన సిరిసిల్ల రెండు వేరు ఫైళ్లు. విండోస్‌కీ, మామూలు మ్యాక్‌కీ అవి ఒకటే. ఒకే ఫోల్డర్‌లో ఉన్న ఆ రెండింటినీ విండోస్‌కి కాపీ చేస్తే ఒకదాని మీద ఇంకొకటి పడే ప్రమాదం ఉంది. తెలుగు లిపిలో క్యాపిటల్స్ లేవు కాబట్టి ఈ గొడవే లేదు. "పేర్లన్నీ ఇంగ్లీష్‌లో పెడితే సేఫ్" అని చెప్పేవాళ్లకి ఇది నా మొదటి జవాబు.

రెండో జవాబు స్పెల్లింగ్. జగిత్యాలను ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు ఒకరు జీ తర్వాత ఐ పెడతారు, ఒకరు పెట్టరు, ఇంకొకరు చివర్లో వై పెడతారు. ముగ్గురు మనుషులు, మూడు ఫోల్డర్లు. సింక్ ప్రోగ్రాం అవన్నీ ఒకే ఊరని ఎట్లా అనుకుంటుంది? తెలుగులో అయితే "జగిత్యాల" ఒకటే.

పేరు: బైట్ల లెక్క

తెలుగు పేర్లకి వాటి లెక్కలు వాటికున్నాయి. ఈఎక్స్‌టీ4లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 యూనిట్లు దాటకూడదు. రెండూ 255 కదా అనిపిస్తుంది, కానీ కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ యూటీఎఫ్-16 పద్ధతిలో లెక్కపెడుతుంది, అందులో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి ఒక్కో యూనిట్. లినక్స్‌లో మనం వాడేది యూటీఎఫ్-8, అందులో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు. కాబట్టి విండోస్‌లో 255 పట్టే చోట లినక్స్‌లో 85 మాత్రమే పడతాయి.

కోడ్ పాయింట్ అంటే మనం అనుకునే అక్షరం కాదు. "స్త్రీ" మనకి ఒక అక్షరం. యూనికోడ్‌కి అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈత్వం. మొత్తం 6 కోడ్ పాయింట్లు, అంటే 18 బైట్లు. మన మూడు ఊళ్ల పేర్లు చూడండి. కోరుట్ల 21 బైట్లు, జగిత్యాల 24, సిరిసిల్ల 27. ఇంగ్లీష్‌లో ఏడెనిమిది బైట్లతో అయిపోతాయి.

ఒక నిజమైన పేరు తీసుకుందాం. "సిరిసిల్ల సాంచా కార్మికుడు చెప్పిన బతుకమ్మ చీరల ముచ్చట రెండో భాగం". 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరలు సిరిసిల్లలో నేయించింది కాబట్టి అక్కడ ఎవరితో మాట్లాడినా ఆ ముచ్చట రావాల్సిందే. ఈ పేరులో తొమ్మిది మాటలున్నాయి. తెలుగు కోడ్ పాయింట్లు 57, ఖాళీలు 8. బైట్లు 57 ఇంటూ 3, ప్లస్ 8, అంటే 179. ఇంకో నాలుగైదు మాటలు కలిపితే 255 దాటుతుంది. విండోస్‌లో హాయిగా సేవ్ అయిన పేరు ఉబుంటులో "పేరు మరీ పొడుగుంది" అన్న ఎర్రర్ ఇస్తుంది. ఆ ఒక్క ఫైల్ ఆగిపోయి మిగతా 200 కాపీ అయితే, ఆ మెసేజ్‌ని ఎవరు చూస్తారు?

పేరు: ఐత్వం కథ

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం. "రైతు పాటలు" అనే ఫైల్ ఉందనుకోండి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఐత్వం అన్న మాట యూనికోడ్ చార్ట్ చూసేటప్పుడే మళ్లీ కలిసింది. చిన్నప్పుడు ఐత్వం ఎట్లా రాశారో గుర్తు తెచ్చుకోండి. పైన ఎత్వం, కింద ఒక చిన్న వంపు. యూనికోడ్ కూడా దీన్ని రెండు రకాలుగా రాయనిస్తుంది. ఒకటి, ఐత్వం మొత్తాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా. రెండోది, ఎత్వం ఒక కోడ్ పాయింట్, కింది వంపు ఇంకో కోడ్ పాయింట్. యూనికోడ్ నియమం ప్రకారం రెండూ సమానమే. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపించాలి. కానీ బైట్లు వేరు. "రైతు" మొదటి పద్ధతిలో 12 బైట్లు, రెండో పద్ధతిలో 15 బైట్లు.

తెలుగు లిపిలో ఇట్లా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే. ఆ ఒక్కటి చాలు. మన కీబోర్డులు సాధారణంగా కలిపిన రూపాన్నే ఇస్తాయి. ఈఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్‌ఎస్ మనం ఏది ఇస్తే అదే దాచుకుంటాయి. పాత మ్యాక్‌లోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ మాత్రం పేరుని విడగొట్టి రాసుకుంటుంది. అంటే జగిత్యాల నుంచి 12 బైట్ల "రైతు" పోయి, సిరిసిల్ల నుంచి 15 బైట్ల "రైతు" తిరిగి రావొచ్చు. నా ఉబుంటుకి అది కొత్త ఫైల్. ఒకే ఫోల్డర్‌లో, ఒకే పేరుతో, రెండు ఫైళ్లు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకదాన్ని సరిచేస్తే ఇంకొకటి పాతగానే ఉంటుంది. రైతు, వైద్యం, కైలాసం, మైసమ్మ... ఐత్వం ఉన్న ప్రతి పేరుకీ ఇదే ముప్పు. "ఫైల్" అన్న మాటలోనే ఐత్వం ఉంది చూడండి!

దీనికి మందు ఉంది. పేర్లన్నిటినీ ఒకే రూపంలోకి తేవడాన్ని నార్మలైజేషన్ అంటారు. కలిపిన రూపానికి ఎన్‌ఎఫ్‌సీ అని పేరు, విడగొట్టిన రూపానికి ఎన్‌ఎఫ్‌డీ. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో నాలుగు లైన్లలో పేర్లన్నీ ఎన్‌ఎఫ్‌సీకి మార్చుకోవచ్చు. ఆర్‌సింక్‌లో ఐకాన్వ్ అనే ఆప్షన్ ఇదే పని దారిలో చేస్తుంది. సింక్‌థింగ్ అయితే తనంతట తానే సర్దుకుంటుంది. ఏపీఎఫ్‌ఎస్ పేరుని ఇచ్చినట్టే ఉంచుతుంది కానీ రెండు రూపాలనూ ఒకటిగానే చూస్తుంది.

మందు లేని జబ్బు ఇంకొకటి ఉంది. తెలుగు టైపింగ్‌లో కంటికి కనిపించని ఒక అక్షరం వాడతాం, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. "ఫైల్‌లు" అని ల మీద పొల్లు విడిగా ఉంచాలంటే అది కావాలి, లేకపోతే ఒత్తు పడిపోతుంది. మాట మధ్యలో అది ఉందో లేదో కంటికి తెలుస్తుంది. మాట చివర ఉంటే మాత్రం తెలియదు. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర దాన్ని తగిలిస్తాయి. అప్పుడు రెండు "బ్యాకప్"లు చూడటానికి ఒక్కటే, కంప్యూటర్‌కి రెండు. నార్మలైజేషన్ దీన్ని తీసేయదు, ఎందుకంటే యూనికోడ్ దృష్టిలో అవి నిజంగానే వేరు. మన స్క్రిప్ట్‌లో మనమే మాట చివర ఉన్నదాన్ని తీసేయాలి.

వేళ: నాలుగు గడియారాలు

ఒక్కో ఫైల్ సిస్టం గడియారం ఒక్కో సంవత్సరం నుంచి మొదలవుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ 1601 నుంచి, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ 1904 నుంచి, లినక్స్ 1970 నుంచి, ఫ్యాట్ 1980 నుంచి లెక్కపెడతాయి. ఆ తేడాని ఆపరేటింగ్ సిస్టంలు సర్దుకుంటాయి. ఎంత సన్నగా లెక్కపెడతాయన్న దగ్గర చిక్కు వస్తుంది. ఈఎక్స్‌టీ4 నానోసెకన్ల దాకా, ఎన్‌టీఎఫ్‌ఎస్ 100 నానోసెకన్ల దాకా రాసుకుంటాయి. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌కి ఒక సెకను. ఫ్యాట్32కి రెండు సెకన్లు. అంటే ఫ్యాట్32లో ఫైల్ మారిన వేళలో బేసి సెకన్లే ఉండవు!

కాబట్టి పెన్‌డ్రైవ్ మీదికి పోయిన ప్రతి ఫైల్ వేళ కొంచెం జరుగుతుంది. తర్వాత సింక్ చేస్తే ప్రోగ్రాంకి అన్నీ "మారిన" ఫైళ్లే. 60 జీబీ మళ్లీ మొదటినుంచి కాపీ అవుతుంది. దీనికోసమే ఆర్‌సింక్‌లో మాడిఫై విండో అనే ఆప్షన్ ఉంది. దానికి 1 అని ఇస్తే ఒక సెకను తేడాని పట్టించుకోదు.

టైం మాత్రమే వృథా అయితే పర్వాలేదు. అసలు ప్రమాదం వేరే ఉంది. ఫ్యాట్32 స్థానిక సమయం రాసుకుంటుంది, ఏ దేశం సమయమో రాసుకోదు. కోరుట్ల, జగిత్యాల వైపు ప్రతి వాడలో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఉంటారు కదా. ఇట్లా ఊహించండి. ఇక్కడ రాత్రి 9 గంటలకి ఒక రాతప్రతిని పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేశాం. అదే ప్రతిని దుబాయ్‌లో ఉన్న ఒక అన్నకి వాట్సాప్‌లో పంపాం. ఆయన అదే రాత్రి మన టైం 10 గంటలకి, అంటే దుబాయ్ టైం 8:30కి, తప్పులన్నీ దిద్ది తన ల్యాప్‌టాప్‌లో సేవ్ చేశాడు. వారం తర్వాత ఆ పెన్‌డ్రైవ్ ఎవరితోనో దుబాయ్ చేరింది. ఆయన ల్యాప్‌టాప్‌లో పెట్టగానే పెన్‌డ్రైవ్ "9 గంటలు" అంటుంది. ల్యాప్‌టాప్ దాన్ని దుబాయ్ 9 గంటలు అనుకుంటుంది. 8:30 కన్నా 9 కొత్తది. "కొత్తది గెలుస్తుంది" అన్న రూల్ పెట్టుకున్న ప్రోగ్రాం, దిద్దిన ప్రతి మీద దిద్దని ప్రతిని రాసేస్తుంది. ఏ ఎర్రర్ రాదు. అన్నీ సరిగ్గానే పనిచేశాయి, ఆయన కష్టం మాత్రం పోయింది.

ఎక్స్‌ఫ్యాట్ ఈ విషయంలో నయం, టైం జోన్ రాసుకునే చోటు దాంట్లో ఉంది. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది, 2019లో దాని వివరాలు బయటపెట్టాక లినక్స్ కెర్నెల్‌లోకి కూడా వచ్చింది. ఇప్పుడు మూడు ఆపరేటింగ్ సిస్టంలూ దాన్ని చదువుతాయి, రాస్తాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ని మ్యాక్ మామూలుగా చదువుతుంది తప్ప దాని మీద రాయదు. ఈఎక్స్‌టీ4 డ్రైవ్‌ని విండోస్, మ్యాక్ రెండూ నేరుగా తెరవవు. కాబట్టి ఊళ్ల మధ్య తిరిగే డ్రైవ్‌కి ఎక్స్‌ఫ్యాటే సరైనది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ రెండింటికీ జర్నల్ లేదు, అంటే సగం రాసిన పనిని తర్వాత సరిచేసుకునే చిట్టా లేదు. "సేఫ్‌గా తీయండి" నొక్కకుండా లాగేయడం వీటితో అస్సలు వద్దు.

సరుకు: ఎక్కడైనా మారనిది

సరుకు దగ్గర ఫ్యాట్32 పెట్టే పెద్ద అడ్డు సైజు. ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఫోన్ వీడియో సెకనుకి 17 మెగాబిట్ల చొప్పున రికార్డ్ అయితే ఆ హద్దు సుమారు 33 నిమిషాలకే వస్తుంది. ఒక ఒగ్గు కథ గంటల తరబడి నడుస్తుంది. ఆ వీడియో ఆ పెన్‌డ్రైవ్‌లో ఎక్కదు.

సరుకు మారలేదని ఎట్లా తెలుసుకోవాలి? దాని వేలిముద్ర తీయాలి. షా-256 అనే పద్ధతి ఏ ఫైల్ ఇచ్చినా 256 బిట్ల ముద్ర ఇస్తుంది, రాస్తే 64 అక్షరాలు. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. ముఖ్యంగా ఈ ముద్రకి పేరుతో, వేళతో పని లేదు. పేరు 12 బైట్లైనా 15 బైట్లైనా, గడియారం దుబాయ్‌ది అయినా జగిత్యాలది అయినా, సరుకు ఒకటే అయితే ముద్ర ఒకటే. నాలుగు ఫైల్ సిస్టంలూ ఒప్పుకునే సాక్ష్యం ఇదొక్కటే.

లినక్స్‌లో షా256సమ్, మ్యాక్‌లో 256 ఆప్షన్‌తో షాసమ్, విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హాష్ అనే కమాండ్లు ఈ ముద్ర ఇస్తాయి. పవర్‌షెల్ పెద్ద అక్షరాల్లో, మిగతా రెండూ చిన్న అక్షరాల్లో చూపిస్తాయి, కంగారు పడొద్దు, విలువ ఒకటే. ఆర్‌సింక్‌లో చెక్‌సమ్ ఆప్షన్ పెడితే వేళని వదిలేసి సరుకునే పోలుస్తుంది. నిదానంగా ఉంటుంది. నెలకోసారి చేస్తే చాలు.

సింక్‌కి జ్ఞాపకం కావాలి

ఇప్పుడు ఒక చిన్న లాజిక్ ప్రశ్న. జగిత్యాల ఫోల్డర్‌లో "నాట్ల పాట 7" ఉంది. కోరుట్ల ఫోల్డర్‌లో లేదు. ఏం చేయాలి? జగిత్యాలలో కొత్తగా చేర్చి ఉంటే కోరుట్లకి పంపాలి. కోరుట్లలో కావాలని తీసేసి ఉంటే జగిత్యాలలో కూడా తీసేయాలి. రెండు ఫోల్డర్లనీ ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. మూడో సమాచారం కావాలి, పోయినసారి సింక్ అయినప్పుడు ఎట్లా ఉందో ఆ జాబితా. అందులో "నాట్ల పాట 7" ఉంటే ఇప్పుడు తీసేసినట్టు, లేకపోతే ఇప్పుడు చేర్చినట్టు.

పెన్సిల్వేనియా యూనివర్సిటీలో బెంజమిన్ పియర్స్ ఆధ్వర్యంలో తయారైన యూనిసన్ ఇట్లాంటి జాబితా దాచుకుంటుంది. సింక్‌థింగ్ కూడా తనకంటూ ఒక లెక్క ఉంచుకుంటుంది. రెండు వైపులా ఒకే ఫైల్ మారితే యూనిసన్ మనల్ని అడుగుతుంది, సింక్‌థింగ్ ఒకదాన్ని వేరే పేరుతో పక్కన ఉంచుతుంది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్‌కి ఈ జ్ఞాపకం లేదు. అది ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మాత్రమే పనిచేస్తుంది. ఆ పని మాత్రం అద్భుతంగా చేస్తుంది. పెద్ద ఫైల్‌ని ముక్కలుగా చేసి, ముక్కల ముద్రలు పోల్చి, మారిన ముక్కల్నే నెట్‌వర్క్ మీద పంపుతుంది.

ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ వాడేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. సోర్స్ డ్రైవ్ మౌంట్ కాలేదు, దాని చోట ఖాళీ ఫోల్డర్ ఉంది అనుకోండి. "అటు ఏమీ లేదు కాబట్టి ఇటు కూడా ఏమీ ఉండొద్దు" అని అది అర్థం చేసుకుంటుంది. ముందు డ్రై రన్ చేసి, ఏం చెరిపేయబోతోందో చదివి, అప్పుడే నిజంగా నడపాలి.

సింక్ వేరు, బ్యాకప్ వేరు

సింక్ అద్దం లాంటిది. ఇటు చెరిగితే అటూ చెరుగుతుంది. ఇటు పాడైతే ఆ పాడైనది అటూ చేరుతుంది. బ్యాకప్ విత్తనం వడ్లు లాంటిది. ఇంట్లో బియ్యం ఎంత నిండుకున్నా రైతు వాటిని ముట్టుకోడు. పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానం జగిత్యాల సన్నాలు లాంటి రకాలు ఇచ్చిందంటే, మూల విత్తనాన్ని కల్తీ కాకుండా విడిగా నిలబెట్టుకోవడం ఆ పనిలో ఒక భాగం. మన ఫైళ్లకి కూడా ఎవరూ రోజూ తాకని ఒక కాపీ ఉండాలి.

ఉందని అనుకోవడం కూడా సరిపోదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ని చెరిపేశాడు. బ్యాకప్ పద్ధతులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. రోజువారీ బ్యాకప్ కొంతకాలంగా విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లు ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ ఉండటంతో బయటపడ్డారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. వాళ్లే ఈ కథంతా దాచకుండా ప్రపంచానికి చెప్పారు. అంత పెద్ద టీమ్‌కే అట్లా అయితే, తిరిగి తెరిచి చూడని మన బ్యాకప్ సంగతి ఏంటి?

తెరిచి చూడటంలో తెలుగుకి ఇంకో సంగతి ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అనూ ఫాంట్లతో టైప్ చేశారు. ఆ ఫైల్ బైట్లు భద్రంగా ఉండొచ్చు, షా-256 ముద్ర కూడా సరిపోవచ్చు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో మాత్రం అవి పిచ్చి గీతలే. పాత క్లబ్ సంచికలు అట్లా ఉంటే, అసలు ఫైల్‌ని అట్లాగే ఉంచి, పక్కన ఒక యూనికోడ్ ప్రతి, ఒక పీడీఎఫ్ కూడా పెట్టండి.

మేం పెట్టుకున్న నియమాలు

1. రికార్డింగులు ఒక ఫోల్డర్, రాతప్రతులు ఇంకో ఫోల్డర్. రికార్డింగ్ ఎప్పటికీ మారదు కాబట్టి దాన్ని రీడ్ ఓన్లీ చేస్తాం. దాని ముద్ర మారిందంటే ఏదో తేడా జరిగినట్టే. రాతప్రతి మారుతూ ఉంటుంది, దానికి రెండు వైపుల సింక్, పాత వెర్షన్లు ఉంచుకోవడం.

2. పేర్లు తెలుగులోనే. ముందు తేదీ, సంవత్సరం-నెల-రోజు వరుసలో, మధ్యలో హైఫన్లు. తర్వాత ఊరు, తర్వాత మూడు నాలుగు మాటలు. విరామ చిహ్నాలు వద్దు. ఎన్‌ఎఫ్‌సీ రూపం, మాట చివర కనిపించని అక్షరాలు వద్దు.

3. మిగతా వివరాలు పేరులో కుక్కకుండా ఒక పట్టికలో. ఎవరు పాడారు, ఏ వాడ, ఏ జిల్లా, షా-256 ముద్ర. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరే జిల్లాలయ్యాయి, అంతకుముందు అన్నీ కరీంనగర్ జిల్లానే. ఇట్లాంటివి మారుతుంటాయి, ఫైల్ పేరు మారొద్దు.

4. ఊళ్ల మధ్య తిరిగే డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్. మ్యాక్ దాని మీద వదిలే డాట్ అండర్‌స్కోర్ చిన్న ఫైళ్లని సింక్‌లోంచి మినహాయించాలి. లేకపోతే 12 పాటలు 24గా కనిపిస్తాయి.

5. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. దీన్ని 3-2-1 నియమం అంటారు. మూడు ఊళ్లలో ఉన్నందుకు చివరి షరతు మాకు ఊరికే తీరింది. కానీ మూడూ సింక్‌లోనే ఉంటే అవి అద్దాలే. అందుకే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ సింక్‌కి దూరంగా బీరువాలో ఉంటుంది, నెలకోసారి మాత్రమే బయటికి వస్తుంది.

మీరు చేయాల్సిన ప్రయోగం

చదివి వదిలేయకండి, అరగంట పని ఇది. ఒక ఫోల్డర్‌లో ఆరు చిన్న టెక్స్ట్ ఫైళ్లు తయారు చేయండి. ఒకదాని పేరులో ఐత్వం ఉండాలి. ఒకటి తొమ్మిది పది తెలుగు మాటల పేరు. ఒకటి పొల్లుతో ముగిసే పేరు. ఒకటి ప్రశ్నార్థకం ఉన్న పేరు, ఇది లినక్స్‌లోనో మ్యాక్‌లోనో చేయాలి. ఇంకో రెండు ఒకే ఇంగ్లీష్ పేరుతో, ఒకటి క్యాపిటల్‌తో, ఒకటి చిన్న అక్షరంతో. ఇది లినక్స్‌లోనే కుదురుతుంది. అన్నిటి షా-256 ముద్రలు ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు ఆ ఫోల్డర్‌ని మీ పెన్‌డ్రైవ్ ఎక్కించి, ఫ్రెండ్ కంప్యూటర్‌లోకి, అక్కణ్నుంచి ఇంకో ఫ్రెండ్ కంప్యూటర్‌లోకి, చివరికి మళ్లీ మీ దగ్గరికి రప్పించండి.

ఎన్ని పోయినయి, ఎన్ని వచ్చినయి? ఎన్ని ముద్రలు కలిసినయి? ఏ పేరు దగ్గర ఎవరి కంప్యూటర్ అడ్డం తిరిగింది? మీ జవాబులు క్లబ్ మెయిల్‌కి పంపండి, వచ్చే సంచికలో ఒక పట్టిక వేద్దాం. ఈ ఆరు ఫైళ్లు క్షేమంగా తిరిగొచ్చిన దారిలోనే మీ ఇంట్లోవాళ్ల ఫొటోలు, మీ నానమ్మ గొంతు పంపండి. రాని దారిని ముందు బాగుచేయండి.